చెక్కని రేకులు

చిత్తూరు నుండి వేలూరు పోవు బాటలో, గుడిపాల దాటిన పిమ్మట, తెలుగునకును తమిళమునకును నడుమ గీచిన గీత ఎక్కడ ఉన్నదో చెప్పుట బాటసారులకు కష్టము. ఆ ప్రాంతమున పుట్టి పెరిగినవారికి మాత్రము ఆ గీత ఊరి వెలుపల కాక వంటయింటి నడుమనే ఉండును. అత్త ఒక భాష మాటలాడుచు, కోడలు వేరొక భాష మాటలాడుచు, పిల్లలు రెండింటిని పులగము వలె కలిపి వండుకొనుచు కాలము గడుపుట అచ్చట వింత కాదు. అట్టి యొక యింట, మా పెదనాయనగారి ఇల్లాలు, ఎనుబది యేండ్లు దాటిన మా పెద్దమ్మ, మూడేండ్ల క్రిందట ఒక సంధ్యవేళ, తాను అరువదేండ్లుగా మెలగిన నడవలో నిలుచుండి, తన కోడలిని ఎగాదిగ చూచి, "యారు నీ?" అని అరవమున అడిగినది.

కోడలు, అనగా మా వదిన, పీలేరు దాపు పల్లె నుండి వచ్చినది. ఆమెకు అరవము రాదు. అత్త పుట్టినిల్లు తిరుత్తణి వైపు. ఆమె పుట్టిననాడు ఆ తాలూకా చిత్తూరు జిల్లాలోనిదే. 1960 ఏప్రిల్ 1వ తేదీన ఎల్లలు సవరించినపుడు మదరాసు రాష్ట్రమునకు పోయినది. పెండ్లియై వచ్చిన నాటి నుండి పెద్దమ్మ పిల్లలకు జోల పాడినను, పాలవానితో లెక్క తేల్చుకొన్నను, మా పెదనాయనను దులిపినను అంతయు తెలుగుననే. అట్టి మనిషి ఒక్కపెట్టున పుట్టింటి మాటకు మరలిపోగా, ఇరుగుపొరుగువారు గాలి సోకినదనిరి. ఒక బంధువు తాయెత్తు తెచ్చి కట్టెను. వదిన మాత్రము నన్ను పెరటిలోనికి పిలిచి, "చూడు నాయనా, ఆమె ఏమంటా ఉండాదో నాకు తెల్దు, నేనేమంటా ఉండానో ఆమెకు తెల్దు. అన్నం పెట్టి చెయ్యి కడిగించి అర్ధగంట కాలేదు, పెట్టలేదని వీధిలో పోయే వాళ్లకంతా అరవంలో చెప్తా ఉండాది. ఆ వాళ్లకంతా అరవమొస్తాది, నాకే రాదు" అని కొంగుతో కన్నులు తుడుచుకొన్నది.

ఆ యింటివారు మొదట దీనిని చాదస్తమనుకొన్నారు. ఈ మాటకు ఒక చిత్రమైన చరిత్ర కలదు. ఛందస్సు అనగా వేదము. దానిని అక్షరము పొల్లుపోకుండ గుండెలో దాచుకొని అప్పగింపగలవాడు ఛాందసుడు. లోకవ్యవహారము తెలియని వేదవేత్తను పరిహసించుటకు ఆ పేరు వాడి వాడి, దానిని చాదస్తముగా అరగదీసి, తుదకు మనవారు ముసలివారి పునరుక్తులకు అంటగట్టిరి. ధారణకు నిలయమైనవాని పేరు మరపునకు బిరుదైనది. భాషకు కూడ ఒక్కొక్కప్పుడు మతి తప్పునేమో! ఏమైనను ఈ మాట వలన మన యిండ్లలో జరుగుచున్న అపకారము స్వల్పము కాదు. 'వయసు మీద పడినది, చాదస్తము' అని తోసివేయుటలో, వైద్యుని గడప తొక్కవలసిన రెండు మూడు సంవత్సరములు ఊరక గడచిపోవుచున్నవి.

వయసుతో వచ్చు మరపు వేరు, ఈ వ్యాధి వేరు. డెబ్బది యేండ్ల మనిషి పులుసులో ఉప్పు వేసినదీ లేనిదీ తోపక, గరిటెతో చేతిలో పోసికొని రుచి చూచినచో అది వయసు. మా పెద్దమ్మ విషయమున, ఇప్పుడు వెనుదిరిగి చూడగా, ఆ సంధ్యకు రెండేండ్ల ముందే వేరు రకపు గుర్తులు కనబడినవి. సంగటి చేయుటలో ఆ ఊర ఆమెకు సాటి లేదు. నూకలు ఉడుకు పట్టిన పిమ్మట రాగిపిండి పోసి, ఎంతసేపు కదపక ఉంచవలెనో, ఎప్పుడు కట్టెతో గెలుకవలెనో గడియారము చూడకయే ఎరిగినది. అట్టి ఆమె ఒకనాడు పిండిచేట చేతబట్టుకొని, తెర్లుచున్న ఎసరు ముందర, తరువాతి పని ఏమో తోపక, కుండ అడుగంటి మాడు వాసన వీధిలోనికి వచ్చువరకు నిలుచుండెను. మరియొకనాడు చెనక్కాయలు అమ్మిన డబ్బు మూడు మారులు లెక్కించి, మూడు వేరు మొత్తములు చెప్పి, కొడుకు దొంగిలించినాడని కేకలు వేసెను. పని వరుస తప్పుట, లెక్క తప్పుట, ఎరిగిన త్రోవ తప్పుట, అయినవారిపై అనుమానము, ఇవి నానాటికి పెరిగి, తన నిత్యకృత్యములను తాను నడపుకొనలేని స్థితి వచ్చినపుడు వైద్యులు దానిని డిమెన్షియా అందురు. జ్వరమను మాట వలెనే అది ఒక స్థితికి పేరు. దాని వెనుక కారణములు పెక్కు. ఆ కారణములలో నూటికి అరువది డెబ్బది పాళ్లు ఆల్జీమర్స్ వ్యాధిది.

ఆల్జీమర్ ఒక వైద్యుడు. 1901లో జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్ట్ నగరమందలి మానసిక వైద్యశాలకు ఆగస్టే డీటర్ అను ఏబదియొక్క యేండ్ల గృహిణిని తీసికొనిరాగా, అలోయిస్ ఆల్జీమర్ ఆమె యెదుట కూర్చుండి, తాను వేసిన ప్రశ్నలను, ఆమె ఇచ్చిన ప్రత్యుత్తరములను మాటకు మాటగా వ్రాసికొనెను. పేరడిగినచో పేరు చెప్పును. భర్త పేరడిగినను తన పేరే చెప్పును. పళ్లెములో నున్న కూర ఏదని అడిగినచో లేని కూర పేరు చెప్పును. తన్ను తాను పోగొట్టుకొన్నానని ఆమె ఒకమారు వాపోయినది. 1906లో ఆమె మరణింపగా, అప్పటికి మ్యూనిక్ చేరియున్న ఆ వైద్యుడు ఆమె మెదడును తెప్పించుకొని, పలుచని పొరలుగా కోసి, వెండి లవణపు రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూచి, తాను చూచినదానిని ఆ యేటనే నవంబరు 3వ తేదీన ట్యూబింగెన్‌లో కూడిన వైద్యుల యెదుట విన్నవించెను. సభవారు పెద్దగా పట్టించుకొనలేదు. 1910లో ఎమిల్ క్రేపెలిన్ తన వైద్యగ్రంథమున ఈ వ్యాధిని ఆల్జీమర్ పేరనే పేర్కొనుటతో ఆ పేరు స్థిరపడినది. ఇందులో మరియొక విచిత్రము కలదు. ఆగస్టే రోగవృత్తాంతము వ్రాసిన కాగితములు ఎచ్చటనో పడిపోయి, తొంబది యేండ్లకు సమీపముగా ఎవరి కంటను బడక, 1995లో ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యశాలలోనే బయటపడినవి.

తిరుపతి వారికి ఇట్టి కథ కొత్త కాదు. కొండమీద శ్రీవారి ఆలయమున ఒక చిన్న అరలో తాళ్లపాకవారి సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు శతాబ్దముల తరబడి చీకటిలో పడియుండి, 1922లో వెలుగు చూచినవి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వానిని పరిష్కరించిరి. పాడువారు మరచినను రేకులు మరువలేదు. మెదడులో జరుగునది నాకు బోధపడినది ఈ రేకుల వలననే. కణతలకు లోపలి భాగమున, సముద్రపు గుఱ్ఱమును బోలిన ఆకారము గల చిన్న అంగము, ప్రక్కకు ఒకటి చొప్పున కలదు. దాని పేరు హిప్పోకాంపస్. దానిని చెక్కుడు పనివానిగా భావింపుడు. నేడు చూచినదానిని, వినినదానిని రేకునకెక్కించి పెద్ద అరకు పంపుట దాని పని. ఆల్జీమర్స్ వ్యాధి మొట్టమొదట ఈ పనివాని మీదను, అతని ఇరుగుపొరుగుల మీదను పడును. అమిలాయిడ్ అను మాంసకృత్తు తునుకలు నాడీకణముల వెలుపల పేరుకొని మచ్చలు కట్టును. కణముల లోపలి సన్నని గొట్టములకు దన్నుగా ఉండవలసిన టావ్ అను వేరొక మాంసకృత్తు చిక్కుపడిన నూలు వలె ముడివడును. ఇరువైపుల నుండి బాధపడిన కణములు తమలో తాము మాటలాడుట మాని క్రమముగా నశించును. ఇంటివారు మొదటి తప్పు పట్టుకొనుటకు పదియేండ్లకు పైబడి ముందే ఇది ప్రారంభమగును.

పనివాడు మూలబడిన యింట కొత్త రేకులు చెక్కబడవు. కావుననే మధ్యాహ్నపు భోజనము గుర్తుండదు. పుట్టింటి బావిగట్టున జారిపడిన దినము గుర్తుండును. "అంత పాతది జ్ఞాపకమున్నప్పుడు ఇది మరచునా, నటన కాకపోతే" అని ఆడిపోసికొను బంధువులను నేను పెక్కుమందిని చూచితిని. వదిన పెట్టిన అన్నమును పెద్దమ్మ మరువలేదు. ఆ అన్నము రేకెక్కనే లేదు. ఆమె 'తినలేదు' అనుట అబద్ధము కాదు, ఆమె యెరిగిన సత్యము.

పిమ్మట వ్యాధి పాత అర మీదికిని పాకును. కడపట వచ్చినది ముందు పోవుననియు, ముందు వచ్చినది కడవరకు నిలుచుననియు ఫ్రెంచి మనశ్శాస్త్రవేత్త రీబో 1881లోనే వ్రాసెను. రెండు భాషలవారందరికిని ఒకే తీరున జరుగదు గాని, వయసు వచ్చిన పిదప నేర్చిన భాష జారిపోయి ఉగ్గుపాలతో వచ్చిన భాష మిగులుట పలు దేశములలో వైద్యులు చూచినదే. తాయెత్తుతో పోవు గాలి కాదది.

చిత్తూరు జిల్లా పుట్టుకయే ఒక అతుకు. 1911లో ఉత్తర ఆర్కాటు నుండి కొంత, కడప నుండి కొంత తెచ్చి కుట్టిన బొంత యది. నగరి, పుత్తూరు వైపు అరవము. కుప్పము వైపు కన్నడమును అరవమును. మదనపల్లె, పుంగనూరు వీధులలో ఉరుదు. అన్నింటికి నడుమ తెలుగు. 2022లో తిరుపతి వేరు జిల్లాయై, మదనపల్లె అన్నమయ్య జిల్లాలో కలిసినను, సంతలలో బేరములు మునుపటి వలెనే మూడు భాషలలో సాగుచున్నవి. ఈ కలగాపులగపు మాటను చూచి కోస్తావారు నవ్వుదురు. మా బడిపంతుళ్లు బెత్తముతో సరిదిద్దిరి. మేమును కొంత సిగ్గుపడితిమి. ఆ సిగ్గు అనవసరమని తలచుటకు హైదరాబాదు నుండి ఒక కారణము దొరికినది.

నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో అప్పుడు నాడీవైద్యురాలుగా నుండిన సువర్ణ అల్లాడియు, ఆమె సహచరులును డిమెన్షియాతో తమ యొద్దకు వచ్చిన 648 మంది వృత్తాంతములను పరిశీలించి 2013లో ప్రకటించిరి. వారిలో 391 మంది రెండుగాని అంతకు మించిగాని భాషలు వాడుకొనువారు. ఒకే భాషవారికి సగటున అరువదియొకటవ యేట కనబడిన వ్యాధి వీరికి నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా కనబడినది. అంతకు పూర్వము కెనడాలోని టొరంటోలో ఇట్టి ఫలితమే వచ్చినను, అచ్చటి రెండు భాషలవారు పెక్కుమంది వలస వచ్చినవారగుటచే, ఇది భాష మహిమయా, వలస మహిమయా అను సందేహము మిగిలియుండెను. హైదరాబాదువారు వలసవారు కారు; తెలుగు, ఉరుదు, హిందీ, ఇంగ్లీషు పుట్టిన వీధిలోనే నేర్చినవారు. ముఖ్యముగా నన్నాకర్షించినది వేరొకటి: అక్షరము ముక్క రాని వారిలోను ఈ ఆలస్యము కనబడినది. అనగా ఇది బడిచదువు పుణ్యము కాదు. నోటికి వచ్చిన రెండు మాటలలో ఎదుటి మనిషిని బట్టి ఒకదానిని ఎంచి, రెండవదానిని అణచిపెట్టుట మెదడునకు నిరంతర వ్యాయామమనియు, దాని వలన కూడిన నిలువ, కణములు కొన్ని నశించినను కొంతకాలము సంసారము నెట్టుకొని వచ్చుననియు పండితులు ఊహించుచున్నారు. ఇతర దేశములలో జరిగిన పరిశీలనలన్నియు ఇదే ఫలితమును చూపలేదు. చూపినచోట కూడ భాషలు వ్యాధిని వెనుకకు నెట్టినవే గాని ఆపినవి కావు. రెండు భాషల మా పెద్దమ్మకు రానే వచ్చినది. అయినను, పిల్లలకు ఇంగ్లీషు అబ్బదను భయముతో ఇంటిలోని అరవమును, ఉరుదును నోరు మూయించుచున్న తల్లిదండ్రులను చూచినపుడు, వీరు అటక మీది ధాన్యమును తామే పారబోయుచున్నారని నాకు తోచుచుండును.

మన దేశమున అరువదేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షల మంది, డిమెన్షియాతో నున్నారని 2023లో వెలువడిన అఖిలభారత పరిశీలన తెలుపుచున్నది. పురుషులలో కంటె స్త్రీలలోను, పట్టణములలో కంటె పల్లెలలోను ఎక్కువ.

మతి తప్పినవారందరు ఆల్జీమర్స్ రోగులు కారు. ఈ సంగతి నేను గట్టిగా చెప్పదలచితిని. థైరాయిడ్ గ్రంథి మందగించినను, బి12 విటమిన్ తగ్గినను, లోలోపల దిగులు గూడుకట్టుకొన్నను మతిమరుపు వచ్చును. మాంసము, గుడ్లు ముట్టనివారికిని, మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏండ్ల తరబడి మ్రింగువారికిని బి12 తగ్గుట తరచుగా చూచునదే. స్నానాల గదిలో జారిపడి తల తగిలించుకొన్న ముసలివారికి, వారములు గడచిన పిదప, మెదడుపై రక్తము పేరుకొని మతి మారవచ్చును. దానిని శస్త్రచికిత్సతో తీసివేసినచో మనిషి తిరిగి మనిషి యగును. చిన్న చిన్న పక్షవాతముల వలన మెట్లు మెట్లుగా దిగజారు రకము వేరు. దానికి మూలము రక్తపు పోటు, చక్కెర. కావున రక్తపరీక్షలు, తల స్కానింగు చేయింపక 'ఇక ఇంతే' అనుకొనుట మహాపరాధము. తిరుపతిలో 1993లో వెలసిన స్విమ్స్ వైద్యశాల యందు నాడీవైద్య విభాగమున్నది. చిత్తూరువారికి వేలూరు క్రైస్తవ వైద్యశాల గంట ప్రయాణము. వైద్యుడు గడియారము బొమ్మ గీయుమన్నచో, బలపము పట్టి యెరుగని అవ్వ బిక్కచచ్చును. అది రోగమని పొరబడరాదు. అట్టివారిని ఇంటి పనులు, పండుగలు, ఎరిగిన వస్తువుల పేర్లు అడిగియే తెలిసికొనవలెను. వెంట వచ్చినవారు చెప్పు వృత్తాంతమే అచ్చట పెద్ద పరీక్ష.

మందుల మాట కొంచెములో ముగింతును. డొనెపెజిల్ వంటి మాత్రలు మెదడులో తగ్గిన ఎసిటైల్‌కోలిన్ అను ద్రవ్యమును కొంత నిలబెట్టి, కొందరికి కొంతకాలము తెలివిని నిలుపును. అమిలాయిడ్ మచ్చలను కరిగించు లెకానెమాబ్ అను సూదిమందునకు 2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చినది. తొలిదశ రోగులలో పదునెనిమిది నెలల పరీక్షలో దిగజారుట సుమారు 27 శాతము మందగించినది. పోయినది తిరిగి రాదు. మెదడు వాచుట, రక్తము చిమ్ముట అను అపాయములును కలవు. దీనికంటె, 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన పండితమండలి చెప్పిన మాట మనకు దగ్గరిది: చెవుడు, చూపు మందగించుట, రక్తపు పోటు, మధుమేహము, పొగ, ఒంటరితనము మొదలుగా పదునాలుగు కారణములను సవరింపగలిగినచో సిద్ధాంతరీత్యా సగమునకు కొంచెము తక్కువగా, 45 శాతము వరకు, డిమెన్షియాను తప్పింపవచ్చును, లేదా వెనుకకు జరుపవచ్చును. తాతకు చెవుడని నవ్వుకొను ఇంటివారు, వినికిడి యంత్రము ఆయన మతికి కూడ కాపు అని ఎరుగరు.

ఇక సేవ. ఈ వ్యాధిలో వైద్యుని పాలు ఒక వీసము, ఇంటివారి పాలు తక్కిన పదునైదు వీసములు. ఆ పదునైదును సాధారణముగా ఒక్క స్త్రీ తలపై పడును. వదిన మూడేండ్లుగా రాత్రి తెగి నిద్రపోలేదు. అత్త రెండు మారులు తలుపు తీసికొని రోడ్డు పట్టినది. ఒకమారు బస్సు కూడ ఎక్కినది. అన్న, తల్లికి మంచి జరుగునని మ్రొక్కుకొని, ఆమెను తిరుమలకు తీసికొనిపోగా, కల్యాణకట్ట దాపున చేయి వదలిన రెండు నిమిషములలో ఆమె జనమున కలిసిపోయినది. కొండమీద తప్పిపోయినవారి పేర్లను మైకులో పలు భాషలలో పిలుచుట ప్రతి యాత్రికుడు వినినదే. ఆ పిలుపు విని 'నేనే' అనుకొనుటకు తన పేరు తనకు తెలిసియుండవలెను గదా. పూలమ్ము స్త్రీల నడుమ కూర్చుండియున్న ఆమెను మూడు గంటలకు కనుగొన్నారు. ఆ పిదప వదిన ఆమె రవికల లోపల ఊరి పేరు, ఫోను అంకె దారముతో కుట్టినది. ముసలివారికై 14567 అను ఉచిత ఫోను సహాయము కలదను సంగతి మాకు అప్పటికి తెలియదు.

సందె వేళకు ఈ రోగులకు కలవరము హెచ్చును. "ఇంటికి పోతా" అని పెద్దమ్మ మూట కట్టును. 'ఇదే మీ ఇల్లు' అని వదిన మొదట వాదించెడిది. వాదించిన కొలది ఏడుపు, రక్కుట, పస్తు. ఎవరు చెప్పకయే ఆమె ఒక ఉపాయము కనిపెట్టినది. "ఈ పొద్దు బస్సు పోయింది అత్తా, తెల్లారి పోదాం. అంతవరకు ఈ పూలు కట్టియ్యి" అని కనకాంబరాల చేట ముందర పెట్టును. ఉదయము బస్సు మాట ఇద్దరికిని గుర్తుండదు. ఒకరికి వ్యాధి చేత, ఒకరికి పని చేత. పూలు కట్టు నేర్పు వేరొక అరలోనిది. మాటలు, పేర్లు దాచు అర కూలినను, చేతి విద్యలు దాచు అర చాలకాలము నిలుచును. కొడుకు పేరు తెలియని ఆ వ్రేళ్లు నాలుగేసి పూలు జోడించి, నారను ఒడుపుగా త్రిప్పి, ముడి బిగించి, తరువాతి నాలుగింటికి పోవుచుండును.

పోయిన నెలలో నేను వెళ్లిన సాయంకాలము మూర దండ ముగించి, ఎవరో తెలియని ఆ కోడలి వైపు చాచి, "వెచ్చుక్కో మా" అన్నది పెద్దమ్మ. వదిన వెనుదిరిగి కొప్పున తురుముకొని, వేలూరులో చదివి వచ్చిన కొడుకును కేకవేసి, "బాగుండాదా అని అరవంలో ఎట్లడగాల్రా?" అన్నది. వాడు లోపలి నుండియే చెప్పెను. ఏబది దాటిన మా వదిన ఆ మాటను పెదవులలో రెండు మారులు వల్లించుకొని, ముసలామె ముందర మోకాళ్లపై కూర్చుండి, తల ప్రక్కకు త్రిప్పి చూపి, "నల్లా ఇరుక్కా, అత్తా?" అని అడిగినది.